మాట పడిపోయిన నాన్నగారు ఎక్కాలు ఎలా చెప్పగలుగుతున్నారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. నాన్నగారికి 66 ఏళ్ళు, రిటైరైన లెక్కల మాస్టారు. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కాలు చాలావరకు తిరిగొచ్చింది, మాట రాలేదు. ఏది అడిగినా "అదే... అదే" అంటున్నారు. కానీ ఎవరైనా "రెండొకట్ల రెండు" అని అందిస్తే ఎక్కం చివరిదాకా అప్పజెబుతున్నారు. కోపం వస్తే, జన్మలో ఎప్పుడూ నోట రాని తిట్టు స్పష్టంగా వస్తోంది. అప్పుడప్పుడూ తెలుగు మాట బదులు ఇంగ్లీషు మాట వస్తోంది. నలుగురు పలకరించడానికి వస్తే మొహం తిప్పుకుంటున్నారు. మీ పేరు పలకలేకపోతున్నారు. అలాంటి మనిషి, పాలవాడు చిల్లర 20 రూపాయలు తక్కువ ఇస్తే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపేశారు. ఇప్పుడు మీ బాబాయి "అన్నయ్యకి మతి పోయింది, ఇంక ఆయన్ని అడిగేదేముంది, వేలిముద్ర వేయించి పొలం సంగతి తేల్చేద్దాం" అంటున్నారు. నిజంగా మతి పోయిందా, లేకపోతే నాన్న కావాలనే మాట్లాడటం లేదా అని అడిగారు.

నేను స్పీచ్ థెరపిస్టుని. మైసూరులో చదువుకుని, 27 ఏళ్ళుగా హైదరాబాదులో ఎక్కువగా పక్షవాతం వచ్చినవాళ్ళతోనే పని చేస్తున్నాను. మనిషిని చూడకుండా, స్కాన్ చూడకుండా అంతా తేల్చి చెప్పలేను. కానీ మీరు రాసిన గుర్తులు నాకు బాగా తెలిసినవి. ఆయన కావాలని మాట్లాడకుండా లేరు. మతి పోయిందనడానికి మీరు రాసినదాంట్లో ఒక్క ఆధారం కూడా నాకు కనిపించలేదు. పోలేదనడానికి మాత్రం గట్టి ఆధారమే ఉంది.

అది పాలవాడి చిల్లర. అక్కడ ఏం జరిగిందో నెమ్మదిగా చూడండి. తాను ఎంత నోటు ఇచ్చారో ఆయనకి గుర్తుంది. పాల ధర గుర్తుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేశారు. చేతిలో పడిన డబ్బుతో పోల్చుకున్నారు. తేడా వచ్చింది. ఊరుకోవాలా, అడగాలా అనుకున్నారు. అడగాలనుకున్నారు. నోటితో అడగలేనని కూడా ఆయనకి తెలుసు కాబట్టి చెయ్యి పట్టుకున్నారు. ఇందులో జ్ఞాపకం ఉంది, లెక్క ఉంది, ధ్యాస ఉంది, నిర్ణయం ఉంది. లేనిది మాట ఒక్కటే. గంటసేపు కూర్చోబెట్టి పరీక్షలు పెట్టినా నాకు ఇంతకంటే మంచి రుజువు దొరకదు.

మాట వేరు, తెలివి వేరు అని మనకి తోచదు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ రెండూ కలిసే నడుస్తాయి. మెదడు దెబ్బతిన్నప్పుడే వాటి మధ్య అతుకు కనిపిస్తుంది. ఈ సంగతి మొదట బయటపడింది మీ నాన్నగారి లాంటి మనిషి వల్లే. 1861లో పారిస్ దగ్గర బిసేత్ర ఆసుపత్రిలో లెబోర్న్య అనే 51 ఏళ్ళ రోగి ఉండేవాడు. ఏమడిగినా "తాన్, తాన్" అనేవాడు. అందుకే ఆసుపత్రిలో అందరూ అతన్ని తాన్ అనే పిలిచేవారు. పాల్ బ్రోకా అనే సర్జన్ అతన్ని పరీక్షిస్తూ, ఇక్కడికొచ్చి ఎన్నేళ్ళయిందని అడిగాడు. అతను అయిదు వేళ్ళూ నాలుగుసార్లు తెరిచి చూపించి, ఆపైన ఒక వేలు చూపించాడు. 21. లెక్క సరిగ్గా సరిపోయింది. అతనికీ బాగా కోపం వస్తే ఒక తిట్టు తన్నుకొచ్చేదని బ్రోకా రాసిపెట్టాడు. కొద్దిరోజులకే అతను చనిపోయాడు. మెదడు తెరిచి చూస్తే ఎడమవైపు ముందుభాగంలో, కణతకి కొంచెం పైన, దెబ్బతిన్న చోటు కనిపించింది. ఆ చోటునే ఇప్పటికీ బ్రోకా ప్రాంతం అంటున్నారు.

ఆ మెదడుని పారిస్‌లో భద్రపరిచారు. 2007లో దాన్ని ఎమ్మారై తీసి చూస్తే, దెబ్బ పైపొరతో ఆగలేదని, లోపల ఒక భాగాన్ని మరో భాగంతో కలిపే నరాల కట్టలు కూడా పోయాయని తేలింది. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, చాలామంది ఇళ్ళలో స్కాన్ పట్టుకుని "భాష ఉండే చోటు పోయిందట, ఇంక రాదట" అని కూర్చుంటారు. భాషకి ఒక గది లేదు. ముందుభాగంలో కొంత, చెవి వెనక వైపు కొంత, వాటిని కలిపే దారులు, అన్నీ కలిసి చేసే పని అది. దారి తెగితే మెదడు కొంతవరకు చుట్టుదారి వెతుక్కుంటుంది. మనం చేయించే థెరపీ అంతా ఆ చుట్టుదారి వేయించడానికే. మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది, కానీ ఆగదు. మూడో ఏడాదిలో కొత్త మాటలు తెచ్చుకున్నవాళ్ళని చూశాను.

కుడిచేతి వాటం ఉన్నవాళ్ళలో నూటికి 95 మందికి భాష ప్రధానంగా మెదడు ఎడమ సగంలోనే, అంటే ఎడమ అర్ధగోళంలోనే ఉంటుంది. శరీరం కుడివైపుని నడిపించేది కూడా ఎడమ అర్ధగోళమే. అందుకే కుడిచెయ్యి, మాట కలిసి పడిపోతుంటాయి. ఇలా మాట పోవడాన్ని అఫేసియా అంటాం. మీ నాన్నగారిది తాన్ రకానికి దగ్గరగా ఉంది. విన్నది చాలావరకు అర్థమవుతుంది, చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది, పదంగా మారి బయటికి రాదు. మనకి ఎప్పుడైనా ఒక పేరు నోట్లోనే నానుతూ బయటికి రాక చిరాకు పుడుతుంది కదా, ఆయనకి రోజంతా, ప్రతి మాటకీ అదే పరిస్థితి.

దీనికి తిరగబడ్డ రకం ఇంకోటి ఉంది. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె, అప్పటికి 26 ఏళ్ళవాడు, దాని గురించి రాశాడు. వీళ్ళు గలగలా మాట్లాడతారు, రాగం, విరుపు అన్నీ సరిగ్గానే ఉంటాయి, మాటల్లో మాత్రం అర్థం ఉండదు. ఎదుటివాళ్ళు చెప్పేదీ సరిగ్గా అందదు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడని ఇంట్లోవాళ్ళు మతి చలించిందనుకుని పదకొండు రోజులు మానసిక వైద్యుల చుట్టూ తిప్పారు. కాలూచెయ్యీ పడిపోలేదు కాబట్టి పక్షవాతమని ఎవరికీ తట్టలేదు. మాట ఉన్నట్టుండి తేడా వస్తే, చెయ్యి బాగానే ఉన్నా సరే, వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తపు గడ్డని కరిగించే మందు ఇవ్వడానికి మామూలుగా మొదటి నాలుగున్నర గంటలే సమయం.

ఇందాక విన్నది చాలావరకు అర్థమవుతుంది అన్నాను కదా, అక్కడ ఒక మెలిక ఉంది. "కిరణ్ రవిని కొట్టాడు", "కిరణ్‌ని రవి కొట్టాడు" ఈ రెంటికీ తేడా అంతా ఒక్క "ని"లో ఉంది. తెలుగులో పదాలు అటూ ఇటూ మార్చినా ఫరవాలేదు, విభక్తి మారితే మాత్రం కొట్టినవాడు, తిన్నవాడు తారుమారవుతారు. ఈ రకం అఫేసియాలో ముందుగా జారిపోయేవి ఆ చిన్న ముక్కలే. మాట్లాడేటప్పుడు "పాలు... వేడి..." అని ఆగిపోతారు, "కావాలి" రాదు, "నాకు" రాదు. వినేటప్పుడు కూడా అంతే. అన్నం, మందు, చెల్లెలు, బస్సు లాంటి గట్టి పదాలు అందుతాయి, వాటిని కలిపే ముక్కలు జారిపోతాయి. కాబట్టి "మీ తమ్ముడికి పొలం ఇచ్చేద్దామా" అన్నా, "మీ తమ్ముడి పొలం తీసుకుందామా" అన్నా ఆయన చెవికి తమ్ముడు, పొలం అన్నవే గట్టిగా చేరొచ్చు. దీన్ని గుర్తు పెట్టుకోండి, వేలిముద్ర దగ్గర మళ్ళీ వస్తాను.

ఇదే సంగతి మీద ఇంగ్లండులో రోజ్మేరీ వార్లీ బృందం 2005లో ఒక పరిశోధన ప్రచురించింది. ఎడమ మెదడు తీవ్రంగా దెబ్బతిన్న ముగ్గురు మగవాళ్ళు. ఎవరు ఎవరిని ఏం చేశారో తేల్చాల్సిన వాక్యాల్లో తడబడేవారు. కానీ కాగితం మీద అంకెలు ఇస్తే, పెద్ద సంఖ్యలోంచి చిన్నది తీసేయడం, చిన్నదాంట్లోంచి పెద్దది తీసేయడం, బ్రాకెట్లున్న లెక్కలు కూడా చేశారు. అంకెల్లో ఏది ముందు ఏది వెనక అన్న తేడా వాళ్ళకి స్పష్టంగా తెలుసు, అదే తేడా వాక్యంలో వస్తే అందలేదు. మీ నాన్నగారు లెక్కల మాస్టారు. ఒకసారి ఎడమచేతికి పెన్సిలిచ్చి చిన్న లెక్కలు రాసి ముందు పెట్టండి. ఒకటి కావాలని తప్పు చేసి పెట్టండి. ఆయన దాన్ని కొట్టేసినప్పుడు ఆయన మొహం చూడండి.

ఇక ఎక్కాలు. అవి ఆయన లెక్క కట్టి చెబుతున్నవి కావు. "రెండు మూళ్ళ ఆరు, రెండు నాల్గుల ఎనిమిది" అన్నది యాభై అరవై ఏళ్ళుగా ఆ నోట నలిగిన రాగం. కొత్త వాక్యం అల్లడానికి ఎడమవైపు భాషా యంత్రాంగం కావాలి. అలవాటైన వరసని దొర్లించడానికి మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా, కుడి అర్ధగోళం చాలావరకు సాయం చేస్తాయి. వారాల పేర్లు, నెలల పేర్లు, రోజూ చదివే స్తోత్రం, చిన్నప్పటి పద్యం, "బాగున్నారా" అంటే "బాగున్నా" అనడం, ఇవన్నీ ఆ కోవలోవే. తిట్టు కూడా అంతే. అది కోపంతో పాటు తోసుకొచ్చే శబ్దం, ఆలోచించి అన్న మాట కాదు. ఆయన సంస్కారం ఏమీ మారలేదు. తిట్టు వచ్చాక ఆయన సిగ్గుపడుతున్నారేమో గమనించండి. చాలామంది సిగ్గుపడి, ఇంకా ముడుచుకుపోతారు. అమ్మగారికి కూడా ఈ సంగతి చెప్పండి, ఆవిడ మనసు నొచ్చుకుని ఉంటుంది.

"ఎక్కాలు వస్తున్నాయి కదా, నీళ్ళు కావాలని అడగడానికేం" అని ఎవరైనా ఆయన ముందే అంటుంటే దయచేసి ఆపండి. అది ఆయన చేతిలో లేదు. అయితే ఈ వరసని మనం వాడుకోవచ్చు. 1973లో బోస్టన్‌లో కొందరు వైద్యులు, థెరపిస్టులు, మాట రాని రోగుల చేత చిన్న చిన్న మాటల్ని రాగంతో, ఎడమచేత్తో తాళం వేస్తూ పలికించే పద్ధతి మొదలుపెట్టారు. మనవాళ్ళకి ఎక్కాల రాగం కంటే తెలిసిన రాగం ఏముంది? అదే బాణీలో "మం-చి నీ-ళ్ళు" అని మీరు పాడండి, ఆయన ఎడమచెయ్యి మోకాలి మీద తట్టించండి. వాక్యాన్ని సగంలో వదలడం కూడా పనిచేస్తుంది. "దాహం వేస్తే తాగేవి మంచి..." అని ఆగండి. "ఇదేమిటి" అని అడిగితే రాని "నీళ్ళు" అక్కడ రావచ్చు.

ఇంగ్లీషు మాటలు రావడం గురించి కంగారు పడకండి. మాస్టారు కాబట్టి ఆ మాటలు వాడుకలో ఉండే ఉంటాయి. రెండు భాషలు తెలిసినవాళ్ళకి అవి మెదడులో వేర్వేరు పెట్టెల్లో ఉండవు, చాలావరకు ఒకే అల్లికలో ఉంటాయి. ఒక దారి మూసుకుంటే ఇంకో దారిలోంచి మాట వస్తుంది. వచ్చిన మాటని తీసుకోండి, "తెలుగులో చెప్పు నాన్నా" అనకండి. మీరు మాత్రం ఇంటి తెలుగులోనే మాట్లాడండి. హైదరాబాదు నిమ్స్‌లో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ప్రచురించారు. పక్షవాతం తర్వాత జ్ఞాపకం, ధ్యాస వంటివి మామూలుగా ఉన్నవాళ్ళు ఒకే భాష తెలిసినవారిలో నూటికి 20 మంది కూడా లేరు, రెండు మూడు భాషలు తెలిసినవారిలో 40 మంది ఉన్నారు. కానీ మాట పోవడం మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు సమానమే. ఆ రెండో ఫలితమే నాకు ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. మాట పోవడం ఒక లెక్క, మిగతా బుద్ధి నిలవడం ఇంకో లెక్క అని మన ఊళ్ళ మనుషుల మీదే తేలింది కాబట్టి.

ఇప్పుడు నలుగురొస్తే మొహం తిప్పుకోవడం. ఇది పొగరు కాదు, మతిమరుపు కాదు, ధ్యాస చాలకపోవడం. అష్టావధానం చూసే ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు గంట కొడుతుంటే లెక్క పెట్టుకోవాలి, అప్రస్తుత ప్రసంగం చేసేవారి పనే ధ్యాస చెడగొట్టడం. అవధాని అవన్నీ ఒకే క్షణంలో చేయరు. ఒకదాన్ని పక్కన పెట్టి, ఇంకోదాన్ని చేతిలోకి తీసుకుని, దేన్నీ జారవిడవకుండా తిప్పుకుంటారు. మెదడులో ముందుభాగం, నడినెత్తికి వెనకున్న పరైటల్ భాగం కలిసి చేసే పని అది. దేన్ని లోపలికి రానివ్వాలి, దేన్ని ఆపాలి అని అవి క్షణక్షణం తేల్చుకుంటుంటాయి. మనకి తెలుగు వినడానికి శ్రమ ఉండదు కాబట్టి ఆ శక్తి మిగతావాటికి మిగులుతుంది. ఆయనకి ఒక్క వాక్యం అందుకోవడానికే ఉన్న ధ్యాసంతా ఖర్చవుతోంది. దానికి తోడు టీవీ మోగుతూ, పిన్ని ఒకటి అడుగుతూ, పక్కింటాయన సలహా చెబుతూ ఉంటే ఆయనకి అది అవధానం కిందే లెక్క. అందుకే మొహం తిప్పుకుంటున్నారు.

చూడటానికి వచ్చేవాళ్ళని రావద్దనలేం. ఇద్దరిద్దరిగా రమ్మనండి, పొద్దున పూట రమ్మనండి, టీవీ ఆపేయండి. ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవారు ఊరుకోవాలి. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. మూడో సెకనుకే మళ్ళీ అడిగితే ఆయన మొదటి నుంచి మొదలుపెట్టాలి. గట్టిగా అరిచి చెప్పొద్దు, ఆయన చెవులు బాగానే ఉన్నాయి.

ధ్యాస దెబ్బతింటే ఎంత వింతగా ఉంటుందో తెలియాలంటే కుడి మెదడు పక్షవాతం చూడాలి. మీ నాన్నగారికి అది లేదు, అయినా చెబుతాను, ఎందుకంటే ఇది చదివే ఇంకెవరింట్లోనైనా ఉండొచ్చు. ఒక పెద్దావిడ పళ్ళెంలో కుడివైపు సగం తినేసి "చట్నీ వేయలేదేం" అని కోడలి మీద కోప్పడేది. చట్నీ ఎడమవైపే ఉంది. కళ్ళు బాగానే ఉన్నాయి, మాట చక్కగా ఉంది, లోకంలో ఎడమ సగం ఆవిడ ధ్యాసలో లేదు, అంతే. పళ్ళెం తిప్పి పెడితే మిగతాది తినేది. 1978లో ఇటలీ పరిశోధకులు బిజియాక్, లుజాట్టి ఇలాంటి ఇద్దరు మిలాన్‌వాసుల్ని ఊళ్ళోని పెద్ద చర్చి (కెథెడ్రల్) ముందున్న కూడలిని ఊహించుకోమన్నారు. ఈ చివర నిలబడ్డట్టు ఊహించుకుంటే కుడివైపు భవనాలే చెప్పారు. ఎదుటి చివరకి వెళ్ళి నిలబడ్డట్టు ఊహించుకోమంటే, ఇందాక వదిలేసిన భవనాలు ఇప్పుడు కుడివైపుకి వచ్చాయి కాబట్టి అవి చెప్పి, ఇందాక చెప్పినవి వదిలేశారు. జ్ఞాపకంలో అన్నీ ఉన్నాయి. ధ్యాస అటు తిరగలేదు. ఈ పరిశోధన గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రి నిద్రపట్టలేదు.

నిర్ణయం సంగతికి వస్తాను, మీ బాబాయిగారి మాటకి జవాబు అక్కడే ఉంది. ఏడెనిమిదేళ్ళ కిందట ఒకాయన్ని భార్య నా దగ్గరికి తీసుకొచ్చింది. బండి మీంచి పడ్డాడు, హెల్మెట్ లేదు, నుదురు కొట్టుకుంది. మాట పరీక్షలన్నీ పాసయ్యాడు. చక్కటి తెలుగు, మర్యాద, జోకులు. నా దగ్గర పనేమీ లేదని పంపేయబోయాను. అప్పుడు ఆవిడ ఏడుస్తూ చెప్పింది, ఆ ప్రమాదం తర్వాత ఆయన ఆరు నెలల్లో ముగ్గురికి అప్పులకి హామీ సంతకాలు పెట్టాడట, ఒకసారి మోసపోయిన మనిషికే మళ్ళీ డబ్బిచ్చాడట. తప్పని చెబితే ఒప్పుకుంటాడు, మర్నాడు అదే పని చేస్తాడు. ఇంట్లో ఎవరూ అనుమానించలేదు, "బాగా మాట్లాడుతున్నాడు కదా" అనుకున్నారు. అక్కడ మాట నిలిచింది, నిర్ణయం పోయింది. మీ ఇంట్లో సరిగ్గా దీనికి తలకిందులు.

నుదుటి వెనక, కళ్ళకి పైన ఉండే మెదడు భాగం దెబ్బతిన్నవాళ్ళ మీద అమెరికాలోని అయోవాలో పరిశోధకులు ఆంటోనియో డమాసియో, ఆంటోయిన్ బెచారా బృందం 1994లో పేకాటలాంటి ఒక పరీక్ష పెట్టింది. నాలుగు కట్టలు. రెండు కట్టల్లో పెద్ద లాభాలు, అంతకు మించిన నష్టాలు. మిగతా రెండింట్లో చిన్న లాభాలు, ఇంకా చిన్న నష్టాలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కాసేపటికి చెడ్డ కట్టలు వదిలేస్తారు. దెబ్బతిన్నవాళ్ళు పోగొట్టుకుంటూనే వాటినే తీస్తుంటారు. 1997లో ఇంకో సంగతి చూపించారు. ఆరోగ్యవంతులకి చెడ్డ కట్ట మీద చెయ్యి వేయబోతుంటే అరచేతికి సన్నగా చెమట పట్టేది, అది చెడ్డదని వాళ్ళు నోటితో చెప్పగలిగే ముందే. అంటే మంచి చెడ్డల లెక్క మాటలకంటే ముందే లోపల నడుస్తోంది. చిల్లర తక్కువైనప్పుడు మీ నాన్నగారి చెయ్యి ముందుకి వెళ్ళిందంటే ఆయనలో ఆ లెక్క నడుస్తోందనే నా నమ్మకం.

కాబట్టి వేలిముద్ర విషయంలో తొందర పడనివ్వకండి. నేను లాయరుని కాను, కానీ ఇలాంటి కేసుల్లో ఇన్నేళ్ళుగా విని నేర్చుకున్నది ఒకటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ అడిగేది ఆ మనిషి మాట్లాడగలడా అని కాదు. ఒప్పందం చేసుకునే సమయానికి దాన్ని అర్థం చేసుకోగలడా, తనకి దానివల్ల మేలో కీడో ఆలోచించుకోగలడా అని. ఆయనకి అర్థమైతే ఆయన్ని అడగకుండా చేయడం అన్యాయం. అర్థం కాకపోతే వేలిముద్ర వేయించడం ఇంకా అన్యాయం. ఎటు చూసినా ఇవాళ చేయాల్సిన పని కాదు.

ముందు ఆయన అవును, కాదు నమ్మదగ్గవో లేదో చూడండి. అఫేసియాలో ఈ రెండూ తారుమారవుతుంటాయి. పైగా మనవాళ్ళ తల ఊపు ఎటు ఊపినా సగం అర్థమే, అడ్డమో నిలువో తెలియకుండా ఊపుతాం. అందుకని రెండు అట్టముక్కల మీద ఒకదాని మీద టిక్కు, ఒకదాని మీద ఇంటూ గీసి ముందు పెట్టండి. "మీరు లెక్కల మాస్టారా?", "మీరు డ్రిల్లు మాస్టారా?" ఇలా జవాబు మనకి తెలిసిన ప్రశ్నలు ఇరవై అడగండి. దాదాపు అన్నీ సరిపోతే అప్పుడు అసలు విషయం మొదలుపెట్టొచ్చు. పొలం బొమ్మ గీయండి, మనుషుల ఫొటోలు పెట్టండి, ఎవరికి ఎంత అన్నది ఆయన చేత్తోనే జరిపించండి. అదే ప్రశ్నని ఇంకో రోజు తిరగేసి అడగండి. "ఇద్దామా" అన్నా అవును, "ఉంచుకుందామా" అన్నా అవును అంటే ఆ అవును చెల్లదు. రెండుసార్లూ ఒకే మాట మీద నిలబడితే, న్యూరాలజిస్టు చేతా స్పీచ్ థెరపిస్టు చేతా రాతపూర్వకంగా పరీక్ష చేయించుకుని లాయరు దగ్గరికి వెళ్ళండి. బాబాయిగారితో గొడవ పడక్కర్లేదు. ఆయన్నే కూర్చోబెట్టి, మీరు తప్పు చేసి పెట్టిన లెక్కల కాగితం అన్నయ్యకి ఇమ్మని చెప్పండి.

మీరు అడగని విషయం ఒకటి చెబుతాను. పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు మూడోవంతు మంది డిప్రెషన్లోకి వెళతారు. మాట లేనివాళ్ళు ఆ సంగతి చెప్పుకోలేరు. తిండి తగ్గినా, నిద్ర చెడినా, ఎక్కాలు కూడా చెప్పడం మానేసినా డాక్టరుకి చెప్పండి, దానికి మంచి మందులున్నాయి. బీపీ మాత్ర ఒక్క పూట కూడా తప్పనివ్వకండి. వారానికి ఒకసారి థెరపీ చాలదు. రోజూ ఇంట్లో అరగంట చొప్పున రెండుసార్లు కూర్చుంటే వచ్చే మార్పు వేరుగా ఉంటుంది. అమ్మగారొక్కరి మీదే అదంతా వేయకండి, పక్కింటి పిల్లలెవరైనా లెక్కలు చెప్పించుకోవడానికి వస్తారేమో చూడండి. పుస్తకంలో తప్పు కొట్టేయడానికి ఆయనకి మాట అక్కర్లేదు.

చివరగా మీ పేరు. మీరు దీన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు కానీ, బాధంతా అక్కడే ఉందని నాకనిపించింది. నీళ్ళు అన్న మాటకి మెదడులో చాలా తీగలుంటాయి. దాహం, చెంబు, చల్లదనం, బావి, ఏ తీగ లాగినా మాట కదులుతుంది. మనిషి పేరుకి అలాంటి తీగలు తక్కువ, అది ఆ మనిషికి అతికించిన చీటీ లాంటిది. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా ముందు మరిచిపోయేది పేర్లే, అఫేసియాలో తరచూ ఇబ్బంది పెట్టేవీ అవే. పేరు రాకపోవడమంటే మీరు గుర్తు లేకపోవడం కాదు. మీరు బెంగళూరు నుంచి వీడియో కాల్ చేసినప్పుడు "నేనెవరో చెప్పు నాన్నా" అని అడగకండి. ఫోన్ ఎత్తగానే మీ పేరు మీరే చెప్పండి, నెమ్మదిగా, రెండుసార్లు. తర్వాత "రెండొకట్ల" అని అందించి, ఆయన్ని చెప్పనివ్వండి.